మారిషస్‌లో మా ఏడాది: చదివే తెలుగు, మాట్లాడే తెలుగు



మన సంఘంలో చాలా కుటుంబాలు సెలవులకు మారిషస్ వెళ్తాయి. మీరూ వెళ్ళి ఉంటారు. సముద్రం, ఇసుక, హోటలు... వారం రోజులు ఇట్టే గడిచిపోతాయి. మరి అక్కడే ఒక ఏడాది కాపురం పెడితే ఎలా ఉంటుంది? 2024లో మా ఇంటిల్లిపాదీ అలా ఉండి వచ్చాం. మీలో ఎవరికైనా అలాంటి అవకాశం వస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. వెళ్ళే ఆలోచన లేనివాళ్ళు కూడా చదవండి. ఇందులో మన తెలుగు గురించి కూడా ఒక సంగతి ఉంది.

మేము అయిదుగురం వెళ్ళాం. మా ఆయనకు అక్కడ ఏడాది ఒప్పందం మీద పని దొరికింది. నేను డర్బన్‌లో మా బడి నుంచి జీతం లేని సెలవు తీసుకున్నాను. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు, అబ్బాయికి పది. మా అత్తగారికి డెబ్బై తొమ్మిది.

"ఈ వయసులో ఆమెను ఎందుకు తీసుకువెళ్తున్నారు?" అని చాలామంది అడిగారు. మా ఇంట్లో పుట్టుకతో తెలుగు వచ్చినది ఆమె ఒక్కరికే. నేను గుడి తరగతుల్లో నేర్చుకున్నాను. అందుకే నా తెలుగు పుస్తకంలా ఉంటుందని ఆమె నవ్వుతారు. మా ఆయనకు అర్థమవుతుంది, కానీ జవాబు ఇంగ్లీషులో వస్తుంది. పిల్లలకు భజనలు వచ్చు, ఒక వంద మాటలు వచ్చు. మా మామగారు పోయాక అత్తగారికి తన తెలుగులో మాట్లాడే తోడు లేకుండా పోయింది. ఆమెను ఒంటరిగా వదిలి వెళ్ళడానికి మాకు మనసు ఒప్పలేదు.

రెండు రేవులు, ఒకే పని

ముందు కొంచెం చరిత్ర. మన పెద్దలు నాటాల్‌కు 1860 నుంచి 1911 వరకు వచ్చారు. మొత్తం 1,52,184 మంది. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కారు. మారిషస్‌కు వలస అంతకన్నా ముందే మొదలైంది. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ పోర్ట్ లూయిస్ చేరింది. అప్పటి నుంచి 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది ఆ రేవులో దిగారు. అక్కడికి వెళ్ళిన తెలుగువాళ్ళలో కొందరు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళారు. అందుకే ఆ దేశంలో తెలుగువాళ్ళకు 'కొరింగి' అనే పేరు వచ్చింది.

పని మాత్రం రెండు చోట్లా ఒకటే, చెరకు తోట. నాటాల్‌లో వేసిన తొలి చెరకు కూడా 1840లలో మారిషస్ వైపు నుంచి వచ్చినదే. జూన్ తర్వాత మీరు ఆ దీవిలో బస్సు ఎక్కితే రోడ్డుకు రెండు వైపులా చెరకు కోత కనిపిస్తుంది. టోంగాట్, స్టాంగర్ దారిలో వెళ్తున్నట్టే ఉంటుంది. మా అత్తగారు కిటికీలోంచి చూసి, "ఇంత దూరం వచ్చినా చెరకే కదమ్మా" అన్నారు.

డాబా ఇల్లు, తుఫాను

మేము కాత్ర్ బోర్న్ అనే ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆ ఊరు దీవి మధ్యలోని మెట్ట భాగంలో ఉంటుంది. తీరంలో ఉక్కపోతగా ఉన్న రోజు కూడా మెట్ట మీద గాలి చల్లగా ఉంటుంది. జూలైలో రాత్రి దుప్పటి కావాలి. క్యూర్‌పీప్ వైపు వెళ్తే గొడుగు లేకుండా బయటికి రాకండి. డర్బన్ ఉక్కకు అలవాటు పడిన మనకు అక్కడి వేడి కొత్త కాదు. కొత్త సంగతి తుఫాను.

అక్కడ ఇళ్ళన్నీ సిమెంటు డాబాలు. పెంకుటిళ్ళు, రేకుల ఇళ్ళు చాలా తక్కువ. దానికి కారణం ఉంది. 1960 ఫిబ్రవరిలో 'కేరల్' అనే తుఫాను వచ్చి వేల ఇళ్ళను నేలమట్టం చేసింది. ఆ తర్వాత జనం సిమెంటుతో కట్టుకోవడం మొదలుపెట్టారు. చూడడానికి ఇల్లు పెట్టెలా ఉంటుంది, కానీ గాలికి ఎగిరిపోదు.

మేము వెళ్ళి పది రోజులు కాకముందే, జనవరి 15న, 'బెలాల్' తుఫాను వచ్చింది. పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు నీళ్ళలో కొట్టుకుపోయాయి. అక్కడ తుఫాను హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు వరకు ఉంటాయి. నాలుగు అంటే గంటకు 120 కిలోమీటర్ల గాలి వీస్తోందని అర్థం. అప్పుడు ఎవరూ ఇల్లు దాటకూడదు. మాకు ఇవేమీ తెలియవు. పక్కింటి ఆవిడే గోడ మీదుగా చెప్పింది: నీళ్ళు పట్టి పెట్టుకోండి, కొవ్వొత్తులు కొనండి, కుండీలు లోపల పెట్టండి, రేడియో వదలకండి. ఆమె చెప్పినది క్రియోల్‌లో. మాకు సగమే అర్థమైంది. మిగతా సగం చేతులతో చెప్పింది. మా స్నేహం అలా మొదలైంది.

తుఫాను పోయాక దోమలు వచ్చాయి. ఆ ఏడాది అక్కడ డెంగీ ఎక్కువగా ఉంది. మీరు వెళ్తే పూలకుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు నిలవనివ్వకండి. పిల్లలు పొద్దున్నే బడికి వెళ్ళే ముందు ఒంటికి దోమల మందు రాయండి. డెంగీ దోమ పగటిపూట కూడా కుడుతుంది.

వంటింట్లో చుట్టాలు

మారిషస్ వంటలు పేర్లు మార్చుకున్న మన చుట్టాల్లాంటివి. 'ధోల్ పూరి' అంటే శనగపప్పులాంటి పసుపు బఠాణీ పప్పును ఉడికించి, పొడి చేసి, పలచటి రొట్టె లోపల పెట్టి కాలుస్తారు. మా అత్తగారు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, "ఉప్పు బొబ్బట్టు" అన్నారు. ఆ పేరే మా ఇంట్లో స్థిరపడింది. 'గాతో పిమా' అంటే పప్పు రుబ్బి, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కలిపి నూనెలో వేయించినది. మన పప్పు వడే. అక్కడివాళ్ళు దాన్ని రొట్టె మధ్య పెట్టుకుని పొద్దున టిఫిన్‌గా తింటారు.

ఆకుకూరలను క్రియోల్‌లో 'బ్రెద్' అంటారు. 'బ్రెద్ మురుమ్' ఏమిటో చెప్పుకోండి చూద్దాం. మునగాకు! డర్బన్‌లో ఎవరి పెరట్లోనో చెట్టుంటే అడిగి తెచ్చుకునేవాళ్ళం. అక్కడ సంతలో కట్టలు కట్టలుగా అమ్ముతారు. చామాకు కూడా దొరుకుతుంది. మన డర్బన్‌లో మడుంబి ఆకుతో చేసుకునే పూరీ పత్తా గుర్తుంది కదా, అదే ఆకు. మా అత్తగారు ఒక ఆదివారం పూరీ పత్తా చేసి పక్కింటికి పంపారు. మరునాడు ఖాళీ గిన్నె రాలేదు. అందులో మామిడికాయ పచ్చడి వచ్చింది. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదన్న ఆచారం ఆ దీవిలో కూడా ఉంది.

బడిసంచిలో తెలుగు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మారిషస్‌లో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో తెలుగు ఒక పాఠ్యాంశం. పిల్లవాడు కావాలనుకుంటే లెక్కలు, ఇంగ్లీషు, ఫ్రెంచితో పాటు తెలుగు చదువుకోవచ్చు. దానికి జీతం తీసుకునే టీచరు ఉంటారు, పుస్తకం ఉంటుంది, పరీక్ష ఉంటుంది. ఉగాది దేశమంతటికీ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దేశంలోనే.

మన సంగతి మీకు తెలుసు. 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పుట్టినప్పటి నుంచి మన తెలుగును గుళ్ళూ సంఘాలూ మోస్తున్నాయి. 1996 నాటి మన రాజ్యాంగంలో, ఆరవ సెక్షనులో, గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల వరుసలో తెలుగు పేరు కూడా ఉంది. ఆ కాగితం చూసి నేను ఎప్పుడూ గర్వపడతాను. కానీ వారానికి ఒక గంట గుడి తరగతితో ఎంత భాష వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అందుకని మారిషస్ వెళ్ళేటప్పుడు నాకు ఒక ఊహ ఉండేది: అక్కడ వీధుల్లో తెలుగు వినిపిస్తుందని. వినిపించలేదు. బస్సులో, అంగట్లో, ఇంట్లో అందరూ మాట్లాడేది క్రియోల్. "కి మన్యేర్?" అంటే ఎలా ఉన్నారు అని. "కోరెక్" అంటే బాగున్నాం అని. తెలుగు ఇంట్లో పుట్టిన అమ్మ కూడా బిడ్డను క్రియోల్‌లోనే లాలిస్తుంది.

పక్కింటి ఆవిడది తెలుగు కుటుంబమే. ఆమె మనవడికి పదేళ్ళు, మా అబ్బాయి ఈడువాడు. ప్రభుత్వ బడిలో తెలుగు చదువుతున్నాడు. ఒక సాయంత్రం వాడు మా వరండాలో కూర్చుని వాచకం తెరిచి గడగడా చదివాడు. ఒత్తులు, సున్నాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను పాఠాలు చెప్పే మనిషిని కదా, ఆశ్చర్యపోయాను. కానీ "నీకు దాహంగా ఉందా?" అని తెలుగులో అడిగితే వాడు నా ముఖం చూసి ఊరుకున్నాడు. ఆ మాట వాడితో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

మా అత్తగారిది దీనికి పూర్తిగా ఎదురు. ఆమె ఎప్పుడూ తెలుగు బడికి వెళ్ళలేదు. ఒక్క అక్షరం చదవలేరు. మాటలు మాత్రం నోటి నిండా ఉన్నాయి.

ఆ రోజు ఆమె వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏటి సదువుతన్నావు బాబూ?"

వాడికి 'బాబూ' అర్థమైంది. 'ఏటి' అర్థం కాలేదు. నేను "ఏమిటి అని అడుగుతోంది" అన్నాను. వాడు పుస్తకంలో వెతికి, 'ఏమిటి' అన్న మాట మీద వేలు పెట్టి చూపించాడు. ఇది సరైనది, మీరు అన్నది కాదు అన్నట్టు.

"పుస్తకంలో ఏటుందో నాకు తెలీదు బాబూ. మా అమ్మ ఏటి అనే అనీది."

మరునాడు వాడు వచ్చి, "అవ్వా, ఏటి?" అన్నాడు. మిగతా వాక్యం వాడికి రాలేదు. అయినా ఆమె నవ్వు వీధిలోకి వినిపించింది.

ఆ తర్వాత అదే అలవాటైంది. వాడు వాచకం తెస్తాడు. ఒక్కో వాక్యం చదువుతాడు. ఆమె ఆ వాక్యాన్ని తన మాటల్లో చెప్తారు. 'సూర్యుడు అస్తమించాడు' అని వాడు చదివితే, "పొద్దుగూకింది" అని ఆమె అంటారు. వాడికి అర్థం కాకపోతే ఆకాశం చూపిస్తారు. మా పిల్లలు కూడా వచ్చి చేరారు. డర్బన్‌లో అవ్వ మాట వాళ్ళకు ఇంట్లో వినిపించే ఒక శబ్దం మాత్రమే. ఇంకో పిల్లవాడు ఆ మాట కోసం గోడ దూకి రావడం చూశాక, వాళ్ళకూ కావలసి వచ్చింది.

మా అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టింది. అవ్వ వాడిన ప్రతి కొత్త మాటా అందులో రాసేది: చేట, రోకలి, ఉట్టి, చల్ది, బువ్వ. 'నంజుకోవడం' అనే మాట దగ్గర చాలాసేపు ఆగిపోయింది. అన్నంతో పాటు కొంచెం కొంచెంగా పచ్చడో, ఉల్లిపాయో కొరుక్కోవడం. దానికి ఇంగ్లీషులో ఒక్క మాట దొరకలేదు. చివరికి బొమ్మ గీసింది.

అదే మాట, ఇంకో ఓడలో

ఏప్రిల్ 9న ఉగాది. సెలవు రోజు. పక్కింటివాళ్ళు మమ్మల్ని రామభజనానికి తీసుకువెళ్ళారు. మధ్యలో దీపం పెట్టి, చుట్టూ తిరుగుతూ పాడతారు. పాటల అర్థం చాలామందికి తెలియదు, కానీ ఒక్క మాట తప్పు పోదు. అక్కడి తెలుగువాళ్ళు సింహాద్రి అప్పన్నను, అమ్మోరును ఇప్పటికీ కొలుస్తారు. విశాఖపట్నం దగ్గరి సింహాచలం కొండ మీది దేవుడు ఈ దీవికి కూడా వచ్చాడు. 'అప్పన్న' అక్కడ ఇంటిపేరు కూడా. నతాషా అప్పానా అనే రచయిత్రి ఫ్రెంచిలో నవలలు రాస్తారు. 2003లో వచ్చిన ఆమె మొదటి నవల ఈ కూలీ వలస గురించే.

ఆ భజనలో ఎనభై దాటిన ఒక అవ్వ ఉంది. ప్రసాదం పంచుతూ మా అత్తగారి దగ్గర ఆగి, ముఖం చూసి అడిగింది:

"ఏటమ్మా, ఏ ఊరు?"

మా అత్తగారు వెంటనే జవాబు చెప్పలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నారు. 'ఏటి' అనే మాటను డర్బన్‌లో మన గుడి టీచర్లు సరిదిద్దేవారు. అది పల్లెటూరి మాట, 'ఏమిటి' అనాలి అనేవారు. ఇన్నేళ్ళూ అత్తగారు తన తెలుగు తక్కువ రకం తెలుగు అనుకునేవారు. ఆ రోజు తెలిసింది, అది తక్కువ రకం కాదు, ఒక ప్రాంతం తెలుగు అని. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు ఇప్పటికీ అలాగే మాట్లాడతారు. ఒకే చోట పుట్టిన మాట రెండు ఓడలెక్కి రెండు దేశాలు చేరింది.

ఇద్దరు అవ్వలూ ఆ తర్వాత నెలకు రెండుసార్లైనా కలిసేవారు. ఆ అవ్వకు తెలుగు చాలావరకు పోయింది. మధ్యలో క్రియోల్ వచ్చేస్తుంది. మా అత్తగారికి మధ్యలో ఇంగ్లీషు వచ్చేస్తుంది. అయినా గంటలు గంటలు కూర్చునేవారు.

పదహారు మెట్లు

నవంబరులో పోర్ట్ లూయిస్‌లోని అప్రవాసి ఘాట్ చూడడానికి వెళ్ళాం. కూలీలు ఓడ దిగి ఎక్కిన పదహారు రాతి మెట్లు అక్కడ ఇంకా ఉన్నాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన దగ్గర అలా తాకి చూడగలిగే మెట్లు లేవు. మనకు ఉన్నవి ఓడల జాబితాలు. అందులో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తు రాసి ఉంటాయి. మీ ఇంటి నంబరు మీకు తెలియకపోతే ఈ ఏడాదే వెతకండి. పెద్దవాళ్ళు ఉండగానే వెతకడం మంచిది. ఊరి పేరును తెల్ల గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసి ఉంటాడు. దాన్ని సరిగ్గా పలకగలిగేది వాళ్ళే.

మా అత్తగారి తాతగారి వరుసలో జిల్లా 'విశాఖపట్నం' అని ఉంది. మోచేతి మీద మచ్చ అని ఉంది. మెట్ల దగ్గర నిలబడి ఆమె తన మోచెయ్యి చూసుకున్నారు. ఏమీ అనలేదు.

తిరుగు ప్రయాణం

ఏడాది చివర మా ఆయనను ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు. మేము అయిదుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. జీతం బాగుంది. పిల్లలకు స్నేహితులు దొరికారు. అత్తగారికి మాట్లాడే తోడు దొరికింది. ఇటువైపు నా బడి, మా ఇల్లు, ఆమె మందులు, ఆమె డాక్టరు. ఉందామని మొదట అన్నది పిల్లలే. వెళ్దామని అన్నది అత్తగారు. "ఇక్కడ నా మాట ఆ గుంటడికి ఇచ్చాను. అక్కడ గుడిలో గుంటలున్నారు కదా, ఆళ్ళకెవరిస్తారు?" అన్నారు. 'గుంటడు' అంటే పిల్లవాడు. అదీ నోటుపుస్తకంలో ఉంది.

తిరిగి వచ్చాం. పక్కింటి అబ్బాయి ఆదివారం ఆదివారం వీడియోలో మాట్లాడతాడు. వాడికి ఇప్పుడు దాహం అని చెప్పడం వచ్చు, ఆకలి అని చెప్పడం వచ్చు, అవ్వను ఆటపట్టించడం కూడా వచ్చు. మా అమ్మాయి గుడి తరగతిలో చిన్నపిల్లల దగ్గర కూర్చుంటోంది. పక్కన అవ్వ కుర్చీ వేసుకుంటారు. అమ్మాయి అక్షరం చూపిస్తుంది, అవ్వ మాట చెప్తారు. తరగతిలో ఉన్నది ఏడుగురే.

మా అత్తగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. మొన్న పండగకు పిండి దంపడం గురించి చెబుతూ మధ్యలో ఆగిపోయారు. దంచే కర్ర పేరు గుర్తు రాలేదు. చెయ్యి పైకీ కిందికీ ఆడించి చూపించారు. మా అమ్మాయి నోటుపుస్తకం తీసి, "రోకలి, అవ్వా" అంది.

మీరు ఏడాది విదేశం వెళ్తే పని ఒప్పందం, పర్మిట్, పిల్లల బడి, ఇంటి అద్దె ముందే చూసుకోండి. మారిషస్‌లో ఇంగ్లీషుతో ఆఫీసు పని జరుగుతుంది, కానీ ఇరుగుపొరుగుతో కలవాలంటే క్రియోల్ నేర్చుకోండి, మూడు నెలల్లో వస్తుంది. పెద్దవాళ్ళు రాగలిగితే వెంట తీసుకువెళ్ళండి. ఎక్కడికీ వెళ్ళకపోయినా ఫరవాలేదు. మీ ఇంట్లో చదవడం వచ్చినవాళ్ళు ఒకరు, మాట్లాడడం వచ్చినవాళ్ళు ఒకరు ఉంటే, ఈ శనివారం ఇద్దరికీ ఒకే వరండాలో కుర్చీలు వేయండి. మధ్యలో ఒక నోటుపుస్తకం పెట్టండి. మొదటి పేజీలో ఏ మాట రాశారో మన పత్రికకు రాసి పంపండి.